అట్టముక్క మబ్బులు

జనవరి 6, సోమవారం
ప్రతిజ్ఞ: ఇక ఈ చేతులతో అట్టముక్క మబ్బు పెట్టను! పైలట్లు నేర్చుకునే మా ఉత్తుత్తి విమానంలో ఇన్నాళ్లూ మబ్బంటే తెరమీది ఆకాశంలో అట్టముక్కలా వేలాడదీసిన ఫొటో. విమానం వంగితే అదీ వంగుతుంది. క్రితంసారి పరీక్షించిన రిటైర్డ్ పైలట్ పాక్ సుద్రజత్, "నెంగ్, ఈ మబ్బు నాకు దణ్ణం పెడుతోందేమిటి?" అన్నారు. ఆయనకు అమ్మాయిలందరూ నెంగ్‌లే. శుక్రవారం మళ్లీ వస్తారు. ఆయన ఊఁ అంటేనే ఆయన పాఠాలు చెప్పే పైలట్ల బడి మా యంత్రం కొంటుంది. లేదంటే బాండుంగ్‌లో మా ఆఫీసుకు తాళమే.

మంగళవారం
వచ్చింది! నిజం మబ్బు! పొరలు పొరలుగా, లోపల ఎండ పాకుతూ. కళ్లు చెమర్చాయి. చిన్న ఇబ్బంది: సెకనుకు అరవై బొమ్మలు మారాల్సిన తెరమీద నాలుగే మారుతున్నాయి. ఇది విమానమా, వానలో ఆగిపోయిన ఆంకోట్ వ్యానా అని పక్క కుర్చీ కాంగ్ దదన్ ఆరా తీశాడు. వయసులో పెద్ద కాబట్టి కాంగ్, అంటే అన్న; పనిలో కాదు.

బుధవారం
వేగం కోసం మబ్బు నీడలు తీసేశాను. నీడలెవరు చూస్తారు? తర్వాత అంచుల మెత్తదనం తీసేశాను. సాయంత్రానికి మబ్బు వేయించిన బాతాగోర్ ముక్కలా తయారైంది. కిందికెళ్లి ఒక ప్లేటు తిన్నాను. ఇదీ పరిశోధనే.

గురువారం
మిగిలిన మబ్బులు: ఒకటి. అదీ దూరంగా. బాగా దూరంగా. వాతావరణం పేరు "ఎండాకాలం" అని మార్చాను. బయట కుండపోత. దదన్ కిటికీ తెరిచి, అసలువి ఊరికే తిరుగుతున్నాయి, రెండు పట్టుకురానా అన్నాడు. ఏడుపొచ్చింది.
సాయంత్రం: తట్టింది! మబ్బు లోపల ఏముంటుంది? తెలుపు! విమానం మబ్బును తాకగానే తెరంతా తెల్లగా పూసేస్తే సరి. ఇది అట్టముక్క కాదు, గోడ. ప్రతిజ్ఞ చెక్కుచెదరలేదు.

శుక్రవారం
పాక్ సుద్రజత్ మబ్బులో దూరారు. తెలుపు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కళ్లు మీటర్లమీదే.
"ఇదీ మబ్బంటే," అన్నారు. "మా పిల్లలు మొదటిసారి దూరినప్పుడు ఏది పైనో ఏది కిందో తెలీక బెదిరిపోతారు. ఆ భయం ఇక్కడే, నేలమీదే తీరిపోవాలి, నెంగ్."
నా గుండె పొంగింది. సిగ్గు కూడా వేసింది. ఆయన చాలాసేపు ఆ తెలుపులోనే ఎగిరారు. చివరికి స్థిమితంగా అడిగారు:
"బాగుంది. ఇక బయటికొచ్చే దారేది?"
బయటా? బయట నేను చేయలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన సీటుబెల్టు విప్పుకున్నారు. "నా పిల్లల్ని లోపల వదిలేసి ఇంటికెళ్లలేను కదమ్మా. వచ్చే శుక్రవారం వస్తాను."

శనివారం
ప్రతిజ్ఞ: ఇక ఈ చేతులతో అట్టముక్క పెట్టను, గోడ పెట్టను! ఈసారి ముందు బయటికొచ్చే దారి, తర్వాతే మబ్బు. ఆ పిల్లల్లో ఒక్కరూ లోపల ఉండిపోకూడదు.
మధ్యాహ్నం: దారి వచ్చింది! తెరమీద బొమ్మలు మూడే మారుతున్నాయి.
సాయంత్రం: అయినా, నీడలెవరు చూస్తారు?