వంటింటి లైటు

డెర్వ్లా పిన్నికి,

చర్చి మెట్ల మీద నువ్వన్న మాట నాకు చేరింది. మన ఊళ్లో పోస్టు ఆలస్యమవుతుంది కానీ చాడీలు ఆలస్యం కావు. "తల్లి పోయి నెల పూజైనా కాలేదు, నిక్కరేసుకుని రోడ్డంతా పరుగులు, సిగ్గులేనిది" అన్నావట.

అమ్మను పూడ్చినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నా చేతిలో టీ కప్పు పెడుతున్నారు. మా పాలతో, మా కప్పులోనే! "తాగమ్మా, తేలికపడతావు" అంటూ తాము శాండ్‌విచ్‌లు లాగించి, అమ్మ కర్టెన్లు ఎవరికి పోతాయో ఆరా తీస్తారు. పరుగెత్తేదాని చేతిలో ఎవరూ కప్పు పెట్టలేరు పిన్నీ. మొదట్లో అందుకే పరుగెత్తాను.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. చిత్తడి నేల దాటి తిరిగొచ్చేటప్పుడు, రాతిగోడ మలుపు దాకా మా వంటిల్లు కనబడదు. అమ్మ ఉన్న రోజుల్లో, మన గాల్వే వానలో తడుస్తూ ఇంటికొస్తూ నేను మలుపు తిరగగానే అమ్మ లైటు వేసి కెటిల్ పెట్టేది. ఆయాసంలో బుర్ర పనిచేయదు కాబట్టి, ఆ మలుపు దాకా అమ్మ బతికే ఉంటుంది. తిరిగాక చీకటి కిటికీ. దానికి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాను.

నిన్న మలుపు తిరిగేసరికి లైటు వెలుగుతోంది.

నా జన్మలో అంత వేగంగా పరుగెత్తలేదు పిన్నీ. తలుపు తోస్తే, అమ్మ ఏప్రన్ కట్టుకుని నువ్వు. "వచ్చావా? కూర్చో, టీ పెట్టా."

పూలకుండీ కింద తాళంచెవి తీసేశాను. నెల పూజకు వస్తాను, నిక్కరుతోనే. మా వంటింటి లైటు మాత్రం ఇంకెప్పుడూ ముట్టుకోకు.

నీ అక్క కూతురు