ఆక్సిజన్ పెట్టె మీద కాన్పు

ఆరోగ్య సామగ్రి విభాగం గుమాస్తా గోపీచంద్ గారికి, ముదగల్ దగ్గరి పల్లె నుంచి పంక్చర్ దుకాణం సూగప్ప నమస్కారాలు.

యావన్మందికీ ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పిల్లి పిల్లల్ని పెట్టింది. స్థలం, ఆక్సిజన్ యంత్రమున్న అట్టపెట్టె పైభాగం. తల్లీ నాలుగు పిల్లలూ క్షేమం. నర్సమ్మను బదిలీ చేశాక అక్కడ జరిగిన మొదటి కాన్పు ఇదే.

సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. మా అక్క హంపమ్మకు ఈ నెల మొదటి నుంచి ఊపిరాడటం లేదు. పడుకోలేదు, గోడకు ఆనుకుని కూర్చుంటుంది, మాటకూ మాటకూ మధ్య ఆగుతుంది. ఆ పెట్టె తెరవమంటే జవాను కిషోర్, “ఏంది సూగన్నా, సీలు పగిలితే నా నౌకరి పోతది. నీ దుకాణంల గాలి ఉన్నది గదా, కొట్టుకో పో” అన్నాడు. దయచేసి తెరిపించండి.

ఇట్లు, సూగప్ప

తా.క. పెట్టె మీద ‘అత్యవసరం’ అని రాసుంది. పిల్లికి చదవడం వచ్చినట్టుంది.

*

సూగప్ప గారికి,

మా జవాబులు కన్నడంలోనే వెళ్లాలి. మాది తెనాలి కాబట్టి మీకు తెలుగులో రాస్తున్నానండి. జంతువుల నుంచి రోగాలు రావచ్చన్నది గత మహమ్మారి నేర్పిన పాఠాల్లో మూడోది. కనుక పిల్లిని పద్నాలుగు రోజులు వేరుగా ఉంచండి. యంత్రం మహమ్మారి కోసం వచ్చింది. ప్రస్తుతం మహమ్మారి లేదు. మామూలు ఆయాసానికి తెరవడం కుదరదు.

భవదీయుడు, గోపీచంద్

తా.క. పిల్లలను తల్లి నుంచి వేరు చేయనక్కర్లేదట. పై అధికారిని అడిగాను.

*

గోపీచంద్ గారికి దండాలు.

మీ ఆజ్ఞ ప్రకారం పిల్లి లోపల, కిషోర్ బయట. పక్కింటి యంకవ్వ, “వాని ఆఫీసు మీద మన్ను వడ! మనిషికి దిక్కు లేదు గని పిల్లికి క్వారంటైనా?” అంటోంది. ఆమెకు జవాబు మీరే చెప్పాలి. మామూలు ఆయాసానికి కుదరదు, మహమ్మారి ఉండాలన్నారు. ఎంతమందికి ఆడకపోతే మహమ్మారి అవుతుందో చెబితే మా వీధిలో ఆ మేరకు సమకూరుస్తాను.

ఇట్లు, హంపమ్మ తమ్ముడు సూగప్ప

తా.క. ఏడుగురు ఇప్పటికే సిద్ధం.

*

సూగప్ప గారికి,

ఏడుగురు బాధితుల సంగతి తా.క.లో అయినా తెలిపినందుకు కృతజ్ఞతలు. బృందం బయల్దేరింది.

గోపీచంద్

తా.క. బృందానికి మధ్యాహ్న భోజనం మీ దగ్గరే.

*

గోపీచంద్ గారూ,

మీవాళ్లు వచ్చారు, తిన్నారు. నా గడప బయటే నిలబడి, “ఎంతమంది?” అనడిగారు. వీధికి అటూ ఇటూ వెదురుబొంగులు కట్టారు, నా తలుపుకు కాగితం అంటించారు. లోపల ఎవరున్నారో ఒక్కరూ తొంగి చూడలేదు. ఇక ఆటో రాదు. లింగసుగూరు ఆస్పత్రికి పోవాలన్నా బొంగులు దూకి పోవాలి. మా అక్క ఏం చేయాలి?

సూగప్ప

తా.క. పిల్లి బొంగుల కిందుగా వెళ్లిపోయింది.

*

సూగప్ప గారికి శుభవార్త!

పద్నాలుగు రోజుల్లో ఒక్క కొత్త కేసూ లేదు. మీ వీధి మహమ్మారిని విజయవంతంగా అరికట్టామండి! ‘నేర్చుకున్న పాఠాలు’ అనే నివేదికలో మీకు ఒక పేజీ ఇస్తున్నారు. యంత్రం తెరవడానికి అనుమతి కూడా వచ్చేసింది. హంపమ్మ గారు ఆధార్ కార్డుతో స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి.

మీ గోపీచంద్

తా.క. నివేదికకు ఆమె ఫొటో పంపండి. నవ్వుతూ ఉంటే మంచిది.

*

గోపీచంద్ గారికి,

ఆధార్ ఉంది. ఫొటో ఉంది, నవ్వుతూనే ఉంది, దండ వేసి. మనిషిని మాత్రం తీసుకురాలేను. అక్క 2021 మే నెలలో పోయింది. అప్పుడు యంత్రం కోసం రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఆమె దినాల నాడు, విస్తళ్లు వేసి ఉండగా, బండి మీద పెట్టె వచ్చింది. దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. పెద్ద బరువేం కాదు.

ఇన్నేళ్లయినా సీలు అట్లే ఉంది. దాన్ని తెరవడం ఇప్పటికైనా ఎవరికన్నా చేతనవుతుందేమో చూద్దామనుకున్నాను. ఆ అనుమతి రద్దు చేయకండి. మా వీధిలోనే ఉండే లోకనాథ్ కూతురికి ఉబ్బసం, పిల్లకు ఎనిమిదేళ్లు.

ఇట్లు, సూగప్ప

తా.క. కేసు పెడితే పెట్టండి. కానీ అక్క గురించి రాసిందంతా అబద్ధం కాదు. గోడకు ఆనుకుని కూర్చోవడం నిజం. మాటల మధ్య ఆగడం నిజం. ‘ఈ నెల’ అన్నది ఒక్కటే పూర్తిగా నా కల్పన.