పొగమంచులో నీ చప్పుడు

తాతా,

ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా ఇవాళ జరిగింది నీకు చెప్పాల్సిందే.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇన్నేళ్లూ మన మోటారు పడవలో పట్నం వాళ్లను పాపికొండలకు తిప్పిన అమ్మానాన్నలు ఈ పొద్దున మొదటిసారి తమ కోసం బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను. అమ్మ కొత్త చీర కట్టుకుని, ఉడికించిన పల్లీలు ఒలుస్తూ ముందు కూర్చుంది.

కొండల మధ్యకు రాగానే పొగమంచు కమ్మేసింది. పడవ ముక్కు కూడా కనబడలేదు. నాన్న కంగారుపడి వేగం పెంచాడు.

“ఏందయ్యా, ఎటు పోతున్నవ్? ఇంజన్ బంద్ చెయ్! మామ గట్లనే చేసేటోడు,” అని అమ్మ అరిచింది.

నాన్న ఆపాడు. అప్పుడు వినిపించింది ఇంకో ఇంజన్, మా మీదికే వస్తూ. నాకు ఈత రాదని నీకు తెలుసు కదా. పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ మాత్రం టిఫిన్ డబ్బా మూత తీసి, మంచు పట్టినప్పుడు నువ్వు కొట్టినట్టే పడవ ఇనుప కమ్మీ మీద కొట్టింది. రెండు దెబ్బలు, కాసేపాగి ఒకటి. మళ్లీ రెండు, ఒకటి.

ఆ ఇంజనూ ఆగింది. మంచులోంచి చేపల పడవ ఒకటి వచ్చి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా జారిపోయింది. అందులోంచి ఎవరో ముసలాయన కేకేశాడు.

“గా చప్పుడు మా పెద్దాయనదే! ఉన్నడా పడవల?”

నాన్న తల దించుకున్నాడు.

“అవ్, ఉన్నడు,” అంది అమ్మ. మంచు విడిచేదాకా మూత కొడుతూనే ఉంది.

నీ మనవరాలు