నా సగం జపం కూడా నువ్వే చెప్పు

సెలీనా,

నీ గది తలుపు ముందున్న స్టూలు మీద ఫ్లాస్కులో గంజి, చిన్న గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ పెట్టినాను. మాత్రలు గంజి తాగిన తరువాతనే వేసుకో. పదిరోజులు పూర్తయ్యేదాకా గడప దాటవద్దు.

నేను మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్తున్నాను. నాకు జబ్బు లేదని నిన్ననే కాగితం వచ్చింది కనుక నన్నెవరూ ఆపలేరు. మన గడప మీద పాలు పెట్టి వెళ్ళినందుకు ఎదురింటి కాళియమ్మ వాకిలికి అడ్డంగా వీధివాళ్ళు తగరపు రేకు కొట్టినారు. జబ్బు మనకు, శిక్ష ఆమెకా? అర్జీ మూడు పేజీలు రాసినాను. ఆ రేకు తీయిస్తామని మాట తీసుకోకుండా తిరిగి రాను.

నిన్న సాయంత్రం తలుపుకు అటు నువ్వు, ఇటు నేను కూర్చుని వంతులవారీగా జపమాల చెప్తుంటే, సగం కాకముందే నీ జవాబు ఆగి గురక మొదలైంది. మిగిలినదంతా నీ వంతు, నా వంతు నేనే చెప్పి, మరియ మాతకు నీ తరఫున క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఈరోజు నేను ఆలస్యమైతే నా సగం కూడా నువ్వే చెప్పు. కాళియమ్మ కోసం చెప్పు. వీధికి వినపడేలా చెప్పు.

అవ్వ

గురక పెట్టినందుకు కోపం లేదు. నిన్నటిదాకా నాలుగు రాత్రులు ఆ తలుపు వెనుక దగ్గు తప్ప నేను వేరే చప్పుడు వినలేదు.