మలుపులో ఎత్తిన చెయ్యి

కొండ కింది బస,
ఆదివారం ఉదయం.

పళ్ళ డాక్టరమ్మగారికి, నా సహధర్మచారిణికి, అంతకంటే ముఖ్యంగా సహచక్రచారిణికి,

నీ తాబేలు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ, మబ్బుల పైన, నీ క్షేమం ఒక గైడు మీదా రెండు బ్రేకుల మీదా ఆధారపడి ఉంది. అయినా క్షేమమే అనుకుంటున్నాను.

నువ్వు దిగి వచ్చేసరికి ఈ కాగితం నీ దిండు మీద ఉంటుంది. ఇక్కడ ఫోను పనిచెయ్యడం లేదు. పనిచేసినా ఇదంతా నోటితో చెప్పగలిగేవాణ్ణి కాను. పొద్దస్తమానం పుస్తకాలు చదువుతావు, ఎదురుగా నిలబడితే మాత్రం మూడు ముక్కలు రావేమయ్యా అని నువ్వే ఎన్నిసార్లు దెప్పలేదు? అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు కబుర్లు. నిన్న పై గుడిసె దగ్గర, ఆ ఎత్తు నాకు పడలేదు, తల పగిలిపోతోంది, నేను దిగిపోతాను, నువ్వు ఉండి రేపు సైకిల్ మీద దిగు అని చెప్పి జీపెక్కానా? డ్రైవరు పాపం జీపులో ఎక్కడ వాంతి చేసుకుంటానోనని ఒక ప్లాస్టిక్ సంచి నా ఒళ్ళో పెట్టాడు. దాన్ని దారి పొడుగునా బుద్ధిగా పట్టుకునే వచ్చాను. ఇక్కడ దిగగానే బస నడిపే పెద్దావిడ నా వెనక్కి తొంగిచూసింది, నీకోసం. నేను కొండ వైపు వేలు చూపించాను. ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, పెళ్ళాన్ని కొండ మీద వదిలేసి చక్కా వచ్చావా నాయనా అన్నట్టే వినపడింది. తిట్టుకి నిఘంటువు అక్కర్లేదు సుమా!

మన గది అలాగే ఉంది. రెండు మంచాలు జరిపి ఒకటి చేశాం కదా, మధ్య సందులో నీ చెవి కమ్మ పడితే నేను బోర్లా పడుకుని తీశాను. ఆ సందు ఇవాళ మరీ వెడల్పుగా కనిపిస్తోంది. కిటికీ తాడు మీద నీ ఒంటి మేజోడు ఆరుతోంది. గాలి వచ్చినప్పుడల్లా ఊగుతోంది. దానికి తోడు నేను, నాకు తోడు అది.

ఇందాక వరండాలో పెద్దావిడ అలవాటుగా రెండు కప్పుల కాఫీ తెచ్చి పెట్టింది. ఒకటి తీసెయ్యమని సైగ చెయ్యబోయి ఊరుకున్నాను. పక్క బల్ల దగ్గర ఒక జంట మ్యాపు మీద పడి కొట్టుకుంటున్నారు. ఆయన ఇటంటాడు, ఆవిడ అటంటుంది, మ్యాపు మధ్యలో చిరిగిపోయింది. వాళ్ళని చూస్తే నాకు అసూయ వేసింది. పోట్లాడుకోవడానికి కూడా ఎదురుగా ఒక మనిషి ఉండాలి. రెండో కప్పు చల్లారిపోయాక అదీ నేనే తాగాను.

జీపు వెనక కట్టించి తెచ్చిన నా సైకిల్ కింద రిపేరు షాపులో గోడకి చేరబడి ఉంది. టైర్లకి నల్ల బూడిద ఇంకా అంటుకునే ఉంది. కడగమంటావా అని మెకానిక్ సైగ చేశాడు. వద్దన్నాను. అగ్నిపర్వతం నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే మరి.

ఇక అసలు సంగతికి వస్తాను. నిన్న నువ్వు జీపు తలుపు పట్టుకుని, పోనీ నేనూ వచ్చేస్తాలే, కొండ ఎక్కడికి పోతుంది అన్నావు. నేను ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటాను? ఈ కొండ బొమ్మని నీ క్లినిక్ పైకప్పుకి అంటించుకున్నావు. నువ్వు పన్ను పీకుతున్నంతసేపూ పేషెంట్లు నోరు తెరుచుకుని దాన్నే చూస్తూ పడుకునేవారు. ఊళ్ళో సగం మందికి ఈ కొండ అంటే పంటి నొప్పే గుర్తొస్తుంది.

పెళ్ళయిన కొత్తలో అడవి దారిలో నేను తప్పిపోయిన రోజు గుర్తుందా? నువ్వు ముందు వెళ్ళావు, నేను దారి చీలిన చోట రెండోవైపు తిరిగాను. గొంతు పోయేలా అరుస్తూ వెతికావు. ఆ మర్నాడు నియమం పెట్టావు. మలుపు వచ్చినప్పుడల్లా ముందు వెళ్ళేవాళ్ళు ఆగాలి, వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. వెనక వచ్చేవాళ్ళు కనిపించి తిరిగి చెయ్యెత్తితేనే ముందుకు కదలాలి. ముందు వెళ్ళేది ఎప్పుడూ నువ్వే. ఆగేది ఎప్పుడూ నువ్వే. ఇన్నాళ్ళుగా ప్రతి కొండ మీదా, నీ కాళ్ళు వేడెక్కి పరుగందుకునే వేళకి, నాకోసం ఆగిపోయావు.

ఇవాళ ఆగక్కర్లేదు. నా భయమంతా అదే. నేను వెనక లేకుండా దిగడం ఎంత హాయిగా ఉంటుందో ఇవాళ నీకు తెలిసిపోతుంది. ఒకసారి తెలిశాక మళ్ళీ నాకోసం ఆగాలనిపిస్తుందా? ఒకవేళ ఆగినా, మునుపటిలా ఉంటుందా? పొద్దుటి నుంచి కిటికీ లోంచి వాలు వైపు చూస్తున్నాను. పైన ఇంకా దుమ్ము లేవలేదు.

బ్రేకులు మరీ గట్టిగా పట్టకు. గైడు ముందుపన్ను విరిగి ఉందని నీ చెయ్యి దురద పెడుతున్నట్టుంది, దిగాక చూద్దువుగాని.

నీ వెనక మలుపులో ఉండవలసినవాడు,
తాబేలు.

తా.క. తలనొప్పి అబద్ధం.

నిన్న గుడిసె వెనక నేను బూట్లలో బూడిద దులుపుకుంటుంటే, నువ్వు గైడుతో అతనికి అర్థమయ్యే ముక్కల ఇంగ్లీషులో చెబుతున్నది వినపడింది. జన్మలో ఒక్కసారి, ఎక్కడా ఆగకుండా, పైనుంచి కిందిదాకా ఒకే ఊపున దిగాలని ఉందన్నావు. మరి దిగవచ్చుగా అన్నాడతను. నువ్వు నవ్వి, వెనక మా తాబేలు ఉన్నాడుగా అన్నావు. ఆ నవ్వులో ఇసుమంత నిష్ఠూరం ఉన్నా నేను నీతోనే ఉండిపోయేవాణ్ణి. లేదు. అందుకే తల పట్టుకుని కూర్చున్నాను. గైడు నా వేలికి తొడిగిన ఆ బుల్లి యంత్రం నా ఊపిరి భేషుగ్గా ఉందని చెప్పింది గానీ, తలనొప్పిని కొలిచే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా.

పై సంతకం పెట్టాక పెద్దావిడ వచ్చి నా భుజం తట్టి, తన బైనాక్యులర్స్ చేతిలో పెట్టింది. వాలు మీద రెండు దుమ్ము తోకలు. ముందుది గైడుది, ఆగకుండా జారిపోతోంది. వెనకది నీది. మలుపు దగ్గర ఆగిపోయింది. బ్రేకు పట్టేసిందేమోనని హడలిపోయాను. మళ్ళీ కదిలింది. తర్వాతి మలుపులో మళ్ళీ ఆగింది. దుమ్ము అణిగాక నువ్వు కనిపించావు. ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగి, ఎవరూ రాని దారికేసి చూస్తూ చెయ్యెత్తి ఉన్నావు.

చాలాసేపు దించలేదు. దించమని చెప్పే చెయ్యి వెనక లేదు మరి. అది ఇక్కడ, కిటికీ దగ్గర ఉంది. ఎత్తాను. పెద్దావిడ చూసింది. నువ్వు చూడలేదు.

ఇంకా బోలెడు మలుపులున్నాయి. నా సైకిల్ తీసుకుని కింది నుంచి నీకు ఎదురొస్తున్నాను. ఇది చదివేసరికి ఎక్కడో ఒక మలుపులో కలుసుకునే ఉంటాం. నేను రొప్పుతూ ఉంటాను, తలనొప్పి తగ్గిందా అని నువ్వు అడిగి ఉంటావు, నాకు మూడు ముక్కలు కూడా వచ్చి ఉండవు. ఆ ముక్కలు ఇవే.

చదివి తిట్టు. మన భాషలో తిట్టు.