తుడవని తీగ

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీ నేత చీర ఉతికి, ఆరేయడానికి సోనారిలోని మన ఇంటి మేడ మీదికి తెచ్చాను. "ఏటే, తీగ తుడిసినావా? చీరంతా మసైపోతాది!" అని కింద నుంచే కేకేసేదానివి. నీ మసిగుడ్డ ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది.

గాలి బాగుచేయమని ఢిల్లీలో చేసిన నియమం, రాంచీలో ఉత్తర్వై, మన వీధి మలుపు తిరిగేదాకా నీ ఆయుష్షు ఆగలేదు. ఇప్పుడు కార్ఖానా పొగగొట్టాలకు ఫిల్టర్లట, రోడ్డు మీద రోజూ నీళ్లబండి. తీగను వేలితో తడిమితే ఏమీ అంటలేదు.

"ధూల్ కహాఁ హై, మమ్మీ?" అని నవ్వింది నీ మనవరాలు. దానికేం తెలుసు, దుమ్ము సంగతి!

అది కిందికి దిగాక, మొదటిసారి తీగ తుడవకుండా నీ చీర ఆరేశాను. నువ్వు కేకేస్తావేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.