మెట్లు బయటే పెట్టిస్తున్నాను, అత్తా

అత్తా,

నేను, నాంచారిని. నువ్వు పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నన్ను బడి మానిపించొద్దని మా నాన్నతో, అంటే నీ తమ్ముడితో, పోట్లాడింది నువ్వే కదా... ఆ నాలుగు అక్షరాలతోనే ఇవాళ నీకు రాస్తున్నాను.

మనం ఇల్లు కడుతున్నాం. గుడిసె కాదు అత్తా, డాబా!

ఒకటే గది, ముందు చిన్న వసారా. ఇటుక గుడివాడ వైపు నుంచి కాలవలో పడవ మీద వస్తోంది. సముద్రపు ఇసుక కలిపితే గోడ ఉప్పు కక్కుతుందని, ఎగువ నుంచి ఏటి ఇసుక తెప్పించాం. నీ ఎండుచేపల వ్యాపారం ఇప్పుడు నాదే. సంతలో నీలాగే గదమాయించి బేరం చేస్తున్నాను. బావ గిలకలదిండిలో ఇంజను బోటు మీద వేటకి వెళ్తున్నాడు. ఇద్దరి కష్టమూ కలిసి పునాది లేచింది.

పాత గుడిసె ఉన్నచోట మళ్ళీ కట్టేది లేదన్నాను. ఊరికీ పొలాలకీ మధ్య మెరక మీద స్థలం తీసుకున్నాం. దానికి బావ ఒప్పుకున్నాడు. పేచీ అంతా మెట్ల దగ్గర వచ్చింది.

డాబా మీదికి మెట్లు బయట నుంచి, వీధి వైపు పెట్టించమన్నాను. బావ వద్దన్నాడు. మేస్త్రీ కూడా వద్దన్నాడు. లోపలైతే భద్రమట. బయట పెడితే దారినపోయే ప్రతివాడూ మన నెత్తికెక్కుతాడట. ఎక్కాలనే కదా నేను పెట్టమంటున్నది! ఎందుకో చెప్పమని బావ పట్టుబట్టాడు. ఏం చెప్పను? నీకు మాటిచ్చి ఉన్నానే...

ఆ గాలివాన రోజున బావ గిలకలదిండిలో చిక్కుకుపోయాడు. గుడిసెలోకి నీళ్ళొచ్చేశాయి. నా చంకలో పిల్ల, నీ భుజం మీద వల తాడు. పెద్దింటి డాబా ఎక్కితే బతికిపోతామని చేలకి అడ్డంపడి పరుగెత్తాం. తలుపులు గడియ వేసి ఉన్నాయి. మెట్లు లోపల ఉన్నాయి. అరచేతులు వాచిపోయేలా ఆ తలుపు బాదావు నువ్వు. ఎవరూ తియ్యలేదు.

నువ్వు ఏడవలేదు. "ఇక్కడ నిలబడితే లాభం లేదు, తాటిచెట్ల కాడికి పదవే" అన్నావు. చేనుగట్టు మీది తాటిచెట్టుకి నన్నూ పిల్లనీ కలిపి కట్టేశావు. తాడు మాకే సరిపోయింది. నీళ్ళు తీసేదాకా నువ్వు వీపు గాలివైపు పెట్టి, పిల్లకి అడ్డంగా, ఆ చెట్టుని కావలించుకుని నిలబడ్డావు. అంత బలం నీకు ఎక్కణ్ణుంచి వచ్చింది అత్తా?

ఆ తర్వాత పట్టుకున్న దగ్గు నిన్ను వదల్లేదు. బందరు ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని నేను ఆ ఇంటివాళ్ళని తిట్టబోతే నా నోరు మూశావు. "ఆ హోరులో మన అరుపు మనకే వినబళ్ళేదు, లోపలోళ్ళకేం వినబడుద్దే? నా కొడుకు కోటేశుకి మాత్రం చెప్పమాక. ఆడికి తెలిస్తే ఆ గుమ్మంలో కొట్లాటే."

మొన్న చెప్పేశాను. నీకిచ్చిన మాట తప్పాను. తప్పు చేశానని మాత్రం అనుకోవటం లేదు. ఇల్లు ఎందుకు కడుతున్నాడో తెలియకుండా మనిషి ఇల్లెలా కడతాడు?

బావ పునాది మీద కూర్చుని అంతా విన్నాడు. లేచి పెద్దింటి వైపు నడిచాడు. కొట్లాట తప్పదనుకున్నాను. వెనకాలే పరుగెత్తాను...

ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కొట్టలేదు. పెద్దింటాయనే అలికిడి విని తలుపు తీసి, ఏం కోటేశూ, ఏమిటిలా వచ్చావు అని అడిగాడు. గాలివాన రోజున మా అమ్మ ఈ తలుపు కొట్టిందండీ, అన్నాడు బావ. అంతే. మాకు వినబడలేదయ్యా, వినబడితే తియ్యమా, అంటూ ఆయన అరుగు మీద కూలబడ్డాడు. బావ తల ఊపి వెనక్కి తిరిగాడు. కొట్లాట జరగలేదత్తా. నీ కొడుకుని నువ్వే తక్కువగా లెక్కేశావు.

తిన్నగా ఇంటి స్థలానికి వచ్చి మేకులూ తాడూ అందుకున్నాడు. బయట, వీధి వైపు, మెట్లకి తనే గుర్తు పెట్టాడు. ఒక్క గది ఇంటికి ఇంత వెడల్పు మెట్లెందుకని మేస్త్రీ నవ్వాడు. మా అమ్మలాంటి ముసలామెని చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాలంటే ముగ్గురు పక్కపక్కన పట్టొద్దా అన్నాడు బావ. మేస్త్రీ మళ్ళీ నవ్వలేదు.

డాబా లేచాక, మెట్ల మొదట్లో తలుపు పెట్టుకోమని చెప్పేవాళ్ళు రాకపోరు. నేనుండగా పెట్టనివ్వను. నా తర్వాత నీ మనవరాలు పెట్టనివ్వదు. ఎందుకో దానికి ఇప్పటి నుంచే చెబుతున్నాను.

ఇటుకల పడవ వచ్చినట్టుంది, రేవులో కేకలు వినబడుతున్నాయి. వెళ్తున్నాను అత్తా.

నీ కోడలు,
నాంచారి